ఎండిన చెరువు నెర్రెలను కంప్యూటర్‌లో పుట్టించడం ఎలా?

ఎండాకాలం నడిమధ్యలో నీళ్లు ఇంకిపోయిన చెరువులోకి దిగి చూడండి. అడుగంతా పలకలు పలకలుగా విడిపోయి ఉంటుంది. ఒకచోట పలక జానెడు, ఇంకోచోట మూరెడు. ఒండ్రు పలచగా ఉన్న గట్టు దగ్గర చిన్నవి, లోతట్టులో పెద్దవి. ఎవరూ గీత గీయలేదు, కొలత పెట్టలేదు. మరి ఆ పలకకు ఆ సైజు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఇంటర్ స్థాయి ఫిజిక్సు, కాస్త పైథాన్, ఒక మామూలు ల్యాప్‌టాప్ ఉంటే చాలు. రెండు వందల వరుసలు దాటని ప్రోగ్రాంతో తెర మీద నెర్రెలు పుట్టించవచ్చు. దాన్ని ఎలా రాయాలో కింద వరుసగా చెబుతున్నాను. ఒక్క మాట ముందే అంటాను. ప్రోగ్రాం రాయడం తేలిక. అది గీసిన బొమ్మను ఎప్పుడు నమ్మాలో తెలుసుకోవడమే కష్టం. అందుకే సరిచూసుకునే పనికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను. దయచేసి ఆ భాగాన్ని దాటేయకండి.

ముందు పళ్ళెంలో చూడండి

కీబోర్డు ముట్టుకునే ముందు ఒక పూట మట్టితో గడపండి. చెరువు బంకమట్టిని ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, నీళ్లు పోసి దోసెల పిండి జారుడు వచ్చేదాకా కలపండి. బుడగలు పోయేదాకా కాసేపు వదిలేయండి. అంచున్న మూడు స్టీలు పళ్ళేల్లో 5, 10, 20 మిల్లీమీటర్ల మందంలో పోయండి. నాలుగో పళ్ళేనికి అడుగున నూనె రాసి 10 మిల్లీమీటర్లు పోయండి. అన్నింటినీ నీడలో ఆరబెట్టి, పైనుంచి గంటకో ఫోటో తీయండి.

రెండు సంగతులు కనిపిస్తాయి. పొర మందం పెరిగితే ముక్కల సైజు పెరుగుతుంది. నూనె రాసిన పళ్ళెంలో నెర్రెలు తక్కువగా, దూరదూరంగా వస్తాయి, లేదా ముద్ద మొత్తం అంచుల నుంచి లోపలికి ముడుచుకుని ఊరుకుంటుంది. 1994లో గ్రాయిస్మన్, కాప్లాన్ అనే ఇద్దరు పరిశోధకులు కాఫీ పొడి ముద్దతో ఇలాంటి ప్రయోగమే చేశారు. ముక్కల సైజు పొర మందాన్ని బట్టి పెరుగుతుందనీ, అడుగున పట్టు తగ్గిస్తే ఇంకా పెరుగుతుందనీ చూపించారు.

మన మోడల్‌కు కావలసిన సారమంతా ఈ నాలుగు పళ్ళేల్లోనే ఉంది. మట్టి ఆరుతూ ముడుచుకోవాలని చూస్తుంది. అడుగు దాన్ని ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాటలో లోపల లాగుడు పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగిన చోట అటూ ఇటూ మట్టికి ఊపిరి ఆడుతుంది, కానీ కొంత దూరం దాకానే. ఆ దూరం దాటాక అడుగు పట్టు మళ్లీ పూర్తిగా పనిచేస్తుంది. ఆ దూరాన్ని ఇక మీద పట్టు దూరం అందాం. కథంతా దాని చుట్టే తిరుగుతుంది.

మట్టిని వలగా మార్చండి

మట్టి పొరను పైనుంచి చూస్తున్నట్టు ఊహించి, దాన్ని ఒక వలగా అనుకోండి. వలలో ముడులు ఉంటాయి, ముడికీ ముడికీ మధ్య స్ప్రింగు ఉంటుంది. ప్రతి ముడి నుంచి ఇంకో స్ప్రింగు కిందికి దిగి అడుగుకు అంటుకుని ఉంటుంది. మొదటి రకాన్ని పక్క స్ప్రింగు, రెండో రకాన్ని అడుగు స్ప్రింగు అందాం. పళ్ళేనికి నూనె రాయడం అంటే అడుగు స్ప్రింగును మెత్తబరచడమే.

వల కన్ను త్రిభుజంగా ఉండాలి. అంటే ప్రతి ముడికీ ఆరుగురు పొరుగువాళ్లు. చాలామంది తేలిక కదా అని చతురస్రాల వలతో మొదలుపెడతారు. అది పనికిరాదు. పక్క స్ప్రింగులు మాత్రమే ఉన్న చతురస్రాల వలను మూలల నుంచి నెడితే పాత గుమ్మం చట్రంలా పక్కకు ఒరిగిపోతుంది, ఎదురే చెప్పదు. మట్టి అలా ఉండదు. త్రిభుజం ఒరగదు.

100 వరుసలు, వరుసకు 100 ముడులు తీసుకోండి. ముడుల మధ్య దూరం 1 అనుకోండి. వరుసల మధ్య దూరం 0.866 అవుతుంది. అంచుల దగ్గర ఒక చిన్న ఏర్పాటు చేయండి. కుడి అంచు ముడిని ఎడమ అంచు ముడితో, పై వరుసను కింది వరుసతో స్ప్రింగుల ద్వారా కలిపేయండి, చాపను చుట్టి అంచులు కుట్టినట్టు. అప్పుడు అంచుల ప్రభావం లెక్కలోకి చొరబడదు. ఇలా కలిపితే పక్క స్ప్రింగుల సంఖ్య సరిగ్గా 30,000 రావాలి. ఒక్కటి తేడా వచ్చినా అక్కడే ఆగి తప్పు వెతకండి.

ఇప్పుడు అంకెలు. పక్క స్ప్రింగు గట్టిదనం 1, అడుగు స్ప్రింగు గట్టిదనం 0.04 పెట్టండి. పట్టు దూరానికి సూత్రం ఇది:

పట్టు దూరం = ముడుల మధ్య దూరం × వర్గమూలం (పక్క స్ప్రింగు గట్టిదనం ÷ అడుగు స్ప్రింగు గట్టిదనం)

ఇక్కడ 1 ÷ 0.04 అంటే 25, దాని వర్గమూలం 5. పట్టు దూరం 5 ముడులు. ఈ సూత్రం ఒకే వరుసలో ఉన్న గొలుసుకు పూర్తిగా సరిపోతుంది. త్రిభుజాల వలకు 1.06తో గుణించాలి, అంటే 5.3. పట్టు దూరం 4 కన్నా తగ్గనివ్వకండి. తగ్గితే నెర్రె కొసలో జరిగేది వలకు కనిపించదు. వల వెడల్పు పట్టు దూరానికి కనీసం పది పదిహేను రెట్లు ఉండాలి. లేకపోతే నాలుగు ముక్కలు కూడా పట్టవు.

నిజమైన పళ్ళేనికి దీన్ని ఎలా జోడించాలి? అడుగుకు బాగా అంటుకున్న పొరలో పట్టు దూరం పొర మందానికి దగ్గరగా ఉంటుంది. మీ పొర 10 మిల్లీమీటర్లయితే, 5 ముడులు అంటే 10 మిల్లీమీటర్లు, ముడికీ ముడికీ మధ్య 2 మిల్లీమీటర్లు. అప్పుడు తెర మీది వల మొత్తం 20 సెంటీమీటర్ల వెడల్పున్న పళ్ళెం.

సమీకరణం ఒక్కటే

ఆరడాన్ని సంకోచం అనే ఒకే అంకెతో చూపిద్దాం. సంకోచం సున్నా అంటే తడి మట్టి. అది పెరిగే కొద్దీ ప్రతి పక్క స్ప్రింగూ తన రెండు చివరి ముడులనూ దగ్గరికి లాగుతుంది. ఒక స్ప్రింగులోని లాగుడు ఇలా:

లాగుడు = గట్టిదనం × (ముడుల కదలిక వల్ల ఆ స్ప్రింగు దిశలో వచ్చిన సాగుడు + సంకోచం × ముడుల మధ్య దూరం)

ప్రతి ముడి దగ్గర పక్క స్ప్రింగుల లాగుడులన్నీ, అడుగు స్ప్రింగు వెనక్కి లాగే బలం కలిసి సున్నా కావాలి. ముడికి అడ్డం, నిలువు రెండు కదలికలు కాబట్టి 10,000 ముడులకు 20,000 సమీకరణాలు. కదలికలు చిన్నవని అనుకుంటే అన్నీ సరళ సమీకరణాలే. ఒక మాత్రిక, ఒక బలాల వరుస, అంతే.

ఆ మాత్రికను పూర్తిగా నింపి దాచుకోవాలని చూస్తే 3.2 గిగాబైట్లు తింటుంది. అంత అవసరం లేదు. ఒక్కో అడ్డువరుసలో సున్నా కాని అంకెలు 14కు మించవు, ఎందుకంటే ముడికి సంబంధం తనతోనూ, ఆరుగురు పొరుగువాళ్లతోనూ మాత్రమే. పైథాన్‌లో లెక్కల సాధనాల సంచి అయిన సైపైలో ఇలాంటి ఖాళీ ఎక్కువున్న మాత్రికల కోసమే ప్రత్యేకమైన రకం ఉంది, దాన్నే వాడండి. పరిష్కరించడానికి, ఒక ఊహతో మొదలై దాన్ని అంచెలంచెలుగా సవరిస్తూ జవాబుకు చేరే కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతి బాగుంటుంది. ఒక స్ప్రింగు తెగాక జవాబు పాతదానికి దగ్గరగానే ఉంటుంది కదా, పాత జవాబునే మొదటి ఊహగా ఇవ్వండి. పని చాలా తగ్గుతుంది. కానీ ఆగే హద్దును వదులుగా పెట్టకండి, పదికోట్లలో ఒక వంతు దాకా వెళ్లనివ్వండి. ఇక్కడ కక్కుర్తి పడితే తెగాల్సిన స్ప్రింగు బదులు పక్కది తెగుతుంది. అక్కడి నుంచి నెర్రె దారే మారిపోతుంది.

అడుగు స్ప్రింగుల వల్ల ఇంకో మేలు ఉంది. చుట్టూ స్ప్రింగులన్నీ తెగి ఒంటరిగా మిగిలిన ముడి కూడా అడుగును పట్టుకునే ఉంటుంది. కాబట్టి మాత్రిక ఎప్పుడూ చెడదు, ప్రోగ్రాం మధ్యలో పడిపోదు.

ఒక్కసారికి ఒక్కటే తెంచండి

ఈ పని అంతటికీ గుండెకాయ ఇదే. నిదానంగా చదవండి.

సమీకరణాలు సరళంగా ఉన్నాయి కాబట్టి సంకోచం రెట్టింపైతే ప్రతి స్ప్రింగులో లాగుడూ రెట్టింపు అవుతుంది. అంటే సంకోచాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ప్రతిసారీ లెక్క చేయనక్కర్లేదు. సంకోచం 1 అనుకుని ఒక్కసారి పరిష్కరించండి. తర్వాత ఈ వరుసలో సాగండి.

మొదట, తెగకుండా ఉన్న ప్రతి స్ప్రింగుకూ లాగుడును దాని తెగే హద్దుతో భాగించండి. తర్వాత, ఆ భాగహారాల్లో అన్నిటికన్నా పెద్దది ఎవరిదో చూడండి. తెగబోయేది అదే. 1ని ఆ పెద్ద అంకెతో భాగిస్తే, ఆ స్ప్రింగు ఏ సంకోచం దగ్గర తెగుతుందో వస్తుంది. దాన్ని రాసిపెట్టుకోండి. ఆ ఒక్క స్ప్రింగును మాత్రికలోంచీ, బలాల వరుసలోంచీ తీసేయండి. మళ్లీ పరిష్కరించండి. మళ్లీ వెతకండి.

హద్దు దాటిన స్ప్రింగులన్నిటినీ ఒకేసారి తెంచేస్తే పని తొందరగా అవుతుంది కదా అనిపిస్తుంది. అలా చేయకండి. ఒక స్ప్రింగు తెగగానే అది మోస్తున్న బరువు అక్కడ ఏర్పడిన నెర్రె రెండు కొసల దగ్గరి స్ప్రింగుల మీద పడుతుంది, నెర్రెకు అటూ ఇటూ ఉన్నవి మాత్రం సడలిపోతాయి. అంతకుముందు హద్దు దాటిన అలాంటి స్ప్రింగు ఇప్పుడు హద్దులోపలే ఉండవచ్చు. పెళుసు పదార్థంలో నెర్రె సన్నటి గీతలా సాగడానికి కారణమే ఈ పంపకం. అన్నిటినీ కలిపి తెంచేస్తే గీత బదులు పిండి పిండిగా రాలిన మచ్చ వస్తుంది.

రాసిపెట్టుకున్న సంకోచాల పట్టీని ఒకసారి గ్రాఫుగా గీయండి. నాకు మొత్తం బొమ్మలకన్నా ఈ గ్రాఫే ఎక్కువ ఇష్టం. కొన్నిసార్లు తర్వాతి స్ప్రింగు తెగడానికి కావలసిన సంకోచం, ఇప్పటికే చేరుకున్న సంకోచం కన్నా తక్కువ ఉంటుంది. అంటే మట్టి ఇంకొంచెం ఆరాల్సిన అవసరం లేకుండానే అది తెగుతుంది. దాని వెంట ఇంకోటి, దాని వెంట ఇంకోటి. ఎండిపోతున్న పళ్ళెం దగ్గర కూర్చుంటే ఎంతోసేపు ఏమీ జరగక, ఉన్నట్టుండి ఒక గీత చరచరా పాకుతుందే, అదే ఇది. పెళుసుదనం అంటే ఏమిటో అంకెల్లో కనిపించేది ఇక్కడే.

సంకోచం ఎక్కడిదాకా వెళ్లాలో మీరే హద్దు పెట్టుకోండి. మొదటి స్ప్రింగు తెగిన సంకోచానికి రెండు రెట్ల దగ్గర ఆపితే చూడదగ్గ బొమ్మ వస్తుంది.

తెగే హద్దుల్లో తేడా పెట్టండి

అన్ని స్ప్రింగులకూ ఒకే హద్దు ఇస్తే మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. 30,000 స్ప్రింగులూ ఒకే లాగుడులో, ఒకే హద్దుతో నిలబడి ఉంటాయి. ఎవరు ముందు తెగాలో కంప్యూటర్ దశాంశాల చివరి దోషం నిర్ణయిస్తుంది. నిజమైన మట్టిలో ఎక్కడో ఇసుక రేణువు, ఎక్కడో బుడగ, ఎక్కడో వేరు ముక్క ఉంటాయి. కాబట్టి ప్రతి స్ప్రింగుకూ 0.8 నుంచి 1.2 మధ్య ఏదో ఒక హద్దు యాదృచ్ఛికంగా ఇవ్వండి.

ఇంకాస్త పద్ధతిగా చేయాలనుకుంటే వైబుల్ పంపిణీ వాడండి. గొలుసు బలం దాని అన్నిటికన్నా బలహీనమైన కడియం బలమే అన్న ఆలోచన మీద స్వీడన్ ఇంజినీరు వలోడి వైబుల్ 1939లో కట్టిన లెక్క అది. దాని ఆకార సంఖ్యను 10 పెడితే హద్దుల్లో తేడా సుమారు 12 శాతం ఉంటుంది. 2 పెట్టి చూడండి. నెర్రె అనేదే కనబడదు, వల అంతటా చెదురుమదురుగా స్ప్రింగులు తెగిపోతాయి. ఈ తేడాను స్వయంగా చూడటం అవసరం. నెర్రె ఏర్పడటానికి బలహీనమైన చోట్లు ఉండాలి, కానీ కొస దగ్గర కూడే లాగుడు ఆ బలహీనతలను మించాలి.

యాదృచ్ఛిక సంఖ్యల విత్తనాన్ని, అంటే సీడ్ అంకెను, ప్రతి బొమ్మతోపాటు రాసిపెట్టుకోండి. రేపు అదే బొమ్మ మళ్లీ కావాలంటే దారి అదొక్కటే.

నమ్మే ముందు నాలుగు పరీక్షలు

ఒకటి. ఏ స్ప్రింగూ తెగక ముందు అన్ని ముడుల కదలికా సున్నా కావాలి. ఆరు వైపుల లాగుళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి. సున్నా రాలేదంటే ఏదో స్ప్రింగు దిశ తలకిందులైంది.

రెండు. ఎన్ని తెగినా, అన్ని ముడుల అడ్డం కదలికలు కూడితే సున్నా, నిలువు కదలికలు కూడితే సున్నా రావాలి. వల తనను తాను మొత్తంగా ఒక పక్కకు నెట్టుకోలేదు.

మూడోది అసలైన పరీక్ష. మీ చేత్తో రెండు నెర్రెలు కోయండి. రెండు వరుసల మధ్య ఉన్న ఏటవాలు స్ప్రింగులన్నీ తీసేయండి. అక్కడి నుంచి 24 వరుసలు వదిలి మళ్లీ అలాగే తీసేయండి. ఇప్పుడు 24 వరుసల పొడవాటి పట్టీ ఒకటి మిగిలింది. దాని నడిమధ్య ఏటవాలు స్ప్రింగులో లాగుడు, కోయకముందున్న పూర్తి లాగుడులో ఎంత ఉందో చూడండి. కాగితం మీద లెక్క వేస్తే ఇది వస్తుంది:

మధ్య లాగుడు ÷ పూర్తి లాగుడు = 1 − 1 ÷ కాష్ (పట్టీ వెడల్పు ÷ పట్టు దూరానికి రెట్టింపు)

కాష్ అంటే హైపర్‌బోలిక్ కొసైన్, పైథాన్ అంకెల సాధనమైన నమ్‌పైలో సిద్ధంగా ఉంటుంది. పట్టీ వెడల్పు 24 × 0.866, అంటే 20.8. పట్టు దూరం 5.3. జవాబు 0.72. మీ ప్రోగ్రాం కూడా 0.72 చెప్పాలి. 0.65 చెప్పినా, 0.8 చెప్పినా దగ్గరగానే ఉందిలే అని వదిలేయకండి, ఎక్కడో తప్పుంది. ఆ సంఖ్య సరిపోయిన రోజున నాకు కలిగిన ధైర్యం ఏ రంగుల బొమ్మా ఇవ్వలేదు.

ఇదే పరీక్షలో ఇంకో విషయం గమనించండి. నెర్రెకు సమాంతరంగా ఉన్న అడ్డం స్ప్రింగుల్లో లాగుడు కొంచెం కూడా తగ్గదు. నెర్రె తనకు అడ్డంగా ఉన్న లాగుడునే తీరుస్తుంది, తన వెంబడి ఉన్నదాన్ని ముట్టుకోదు. అందుకే తర్వాత పుట్టే నెర్రె పాతదాన్ని అడ్డంగా, లంబకోణంలో వచ్చి తాకుతుంది. మొదటిసారి ఎండిన మట్టిలో మూడు గీతలు కలిసే చోటు సమాన కోణాల నక్షత్రంలా కాకుండా, ప్రధాన వీధిలోకి సందు వచ్చి కలిసినట్టు ఉండేది ఇందుకే.

నాలుగు. సంకోచం పెరిగే కొద్దీ ముక్కలు ఎంతకి చిన్నవవుతాయో పైసూత్రం చెప్పేస్తుంది. తెగే సంకోచానికి 1.1 రెట్ల దగ్గర, తెగకుండా నిలవగల పట్టీ గరిష్ఠ వెడల్పు పట్టు దూరానికి 6.2 రెట్లు. 2 రెట్ల దగ్గర 2.6 రెట్లు. 5 రెట్లు ఆరినా 1.4 రెట్లు. చూశారా, మొదట్లో దబదబా తగ్గి తర్వాత నిలకడకొస్తుంది. ముక్కలు ఎంతకీ పొడి కాకుండా పట్టు దూరానికి కొన్ని రెట్ల దగ్గర ఆగిపోతాయి. పట్టు దూరం పొర మందమంత ఉంటుంది కాబట్టి, పలక సైజు పొర మందాన్ని బట్టి ఉంటుంది. చెరువులో లోతట్టు పలకలు పెద్దవిగా ఎందుకున్నాయో మీ ప్రోగ్రాం ఇప్పుడు లెక్కతో చెబుతోంది.

ముక్కలను లెక్కపెట్టడానికి, తెగని స్ప్రింగులతో కలిసి ఉన్న ముడుల గుంపులను వెతకాలి. దీనికి సైపైలో కనెక్టెడ్ కాంపొనెంట్స్ అనే సాధనం ఉంది. పది ముడులకన్నా చిన్న గుంపులను పక్కన పెట్టండి. అడుగు గట్టిదనం మార్చి పట్టు దూరం 4, 6, 8 చేసి చూడండి. సగటు ముక్క వెడల్పు ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరగాలి. ప్రతి దానికీ ఐదారు వేరు వేరు సీడ్‌లతో నడిపి సగటు తీయండి, ఒక్క బొమ్మను పట్టుకుని తీర్పు చెప్పకండి.

అందమైన అబద్ధం

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక. నా మొదటి ప్రోగ్రాం తేనెపట్టు లాంటి బొమ్మ గీసింది. మూడేసి నెర్రెలు 120 డిగ్రీల్లో చక్కగా కలిశాయి. ఉత్తర ఐర్లండ్ తీరంలోని జెయింట్స్ కాజ్‌వే రాతి స్తంభాల ఫోటో పక్కన పెట్టి చూసుకుని, పని అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత పళ్ళెంలోని మట్టిని చూశాను. అందులో 120 డిగ్రీలు లేవు. దాదాపు అన్నీ 90 డిగ్రీలే.

తేనెపట్టు మట్టిది కాదు, వలది. త్రిభుజాల వలలో స్ప్రింగులకు మూడే దిశలు. నెర్రె కూడా ఆ మూడు దిశల్లోనే సులువుగా పాకుతుంది. ఆ దిశల మధ్య కోణాలు 60, 120. మనం మొదట్లో తీసుకున్న నిర్ణయాన్నే ప్రోగ్రాం ఫలితంగా తిప్పి చూపించింది.

దీన్ని పట్టుకోవడానికి ఒక మార్గం ఉంది. నెర్రె గీత వెంబడి ఆరేడు ముడుల పొడవున ఒక్కో తిన్నని గీత అనుకుని దాని దిశ కొలవండి. 10 డిగ్రీలకొక గడి చేసి ఏ దిశలో ఎన్ని ఉన్నాయో గీయండి. నిజంగా దిశాభేదం లేని మట్టి అయితే గడులన్నీ ఇంచుమించు సమానంగా నిండాలి. 60 డిగ్రీల ఎడంలో మూడు గుట్టలు లేచాయంటే వల మాట్లాడుతోందని అర్థం.

మందు ఏమిటంటే, వలను చిందరవందర చేయడం. ముడులను క్రమంగా పేర్చకుండా, ఏ రెండూ మరీ దగ్గరకు రాకుండా చూస్తూ యాదృచ్ఛికంగా చల్లండి. వాటిని డెలానే త్రిభుజాలతో, అంటే మరీ సన్నగా సాగిన త్రిభుజాలు వీలైనంత రాకుండా చుక్కలను కలిపే పద్ధతిలో, కలపండి, సైపైలో అదీ ఉంది. అంచులు కలపడానికి చుక్కల మొత్తాన్ని చుట్టూ ఎనిమిది వైపులా నకలు పెట్టి, త్రిభుజాలు కట్టాక మధ్య భాగానికి చెందినవాటినే ఉంచుకోండి. స్ప్రింగుల పొడవులు ఇప్పుడు వేరు వేరు కాబట్టి గట్టిదనాన్ని పొడవుకు విలోమంగా పెట్టండి. హద్దును లాగుడుతో కాక సాగుడు నిష్పత్తితో, అంటే సంకోచాన్ని కలుపుకున్న సాగుడును స్ప్రింగు పొడవుతో భాగించిన అంకెతో, పోల్చండి. అడుగు స్ప్రింగు గట్టిదనం ఆ ముడి వాటాకు వచ్చే వైశాల్యాన్ని బట్టి ఉండాలి. ఈ వలలో మొదటి పరీక్ష సున్నా ఇవ్వదు, ముడులు కొద్దిగా కదులుతాయి. అది తప్పు కాదు. రెండో పరీక్షను కూడా కదలికల బదులు అడుగు స్ప్రింగుల బలాలు కూడి చూసుకోండి.

ఈ మార్పుతో తేనెపట్టు మాయమై, వీధీ సందూ కలిసినట్టుండే నెర్రెలు వస్తాయి. నిజమైన మట్టిలో 120 డిగ్రీలు రావని కాదు. ఒకే మట్టిని తడిపి ఆరబెట్టి, మళ్లీ తడిపి ఆరబెడితే, పాత నెర్రెల మీదే కొత్తవి తెరుచుకుంటూ కూడలి కొద్దికొద్దిగా జరిగి, కోణాలు 90 నుంచి 120 వైపు మళ్లుతాయని 2010లో బంకమట్టితో చేసిన ప్రయోగాల్లో తేలింది. మీ ప్రోగ్రాంలో అది రావాలంటే తడి, పొడి చక్రాలు పెట్టాలి. ఒక్కసారి ఆరగానే వచ్చిందంటే అనుమానించాలి.

వల కన్ను చిన్నది చేస్తే

వల ఇంకా సన్నగా ఉంటే జవాబు ఇంకా కచ్చితంగా ఉంటుందని అందరం అనుకుంటాం. ఇక్కడ అలా జరగదు. ముడుల దూరం సగం చేసి, హద్దులను అలాగే ఉంచితే నెర్రె ఇంకా సులువుగా పాకుతుంది. ఇంకా సగం చేస్తే మరీ సులువుగా. చివరికి మట్టికి నెర్రెను ఆపే శక్తే లేనట్టు అవుతుంది.

కారణం గ్రిఫిత్ చెప్పింది. ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో పనిచేస్తూ ఆయన 1921లో అచ్చయిన పత్రంలో గాజు పగలడం గురించి రాశారు. నెర్రె సాగాలంటే కొత్తగా రెండు ముఖాలు తెరవడానికి శక్తి ఖర్చవుతుంది, చుట్టుపక్కల పదార్థం సడలినప్పుడు విడుదలయ్యే శక్తి ఆ ఖర్చును భరించాలి. అంటే నెర్రె సాగే పొడవుకు ఇంత అని శక్తి ధర ఉంది. మన వలలో ఆ ధర ఒక్కో స్ప్రింగు తెగేటప్పుడు కట్టేది. సాగుడు హద్దు మార్చకుండా కన్ను చిన్నది చేస్తే ధర పడిపోతుంది.

కాబట్టి ముడుల దూరం సగం చేసినప్పుడు సాగుడు హద్దును 2 వర్గమూలంతో, అంటే 1.41తో గుణించండి. పావు వంతు చేస్తే 2తో. పట్టు దూరం నిజమైన కొలతలో మారకుండా అడుగు స్ప్రింగును కూడా సరిచేయండి. చేత్తో కోసిన ఒక నెర్రె ఏ సంకోచం దగ్గర పాకడం మొదలుపెడుతుందో మూడు రకాల వలల్లో కొలవండి. మూడూ దగ్గరగా రావాలి. కానీ ఇలా హద్దు పెంచినప్పుడు నెర్రె లేనిచోట కొత్త నెర్రె పుట్టడం కష్టమవుతుంది. పుట్టుకకు ఒక హద్దు, పాకడానికి ఒక హద్దు, రెండిటినీ ఒకే అంకెతో సరిపెట్టలేం. ఈ పద్ధతిలో ఉన్న నిజమైన లోటు ఇది. దీన్ని పట్టించుకునే ఫేజ్ ఫీల్డ్ పద్ధతిలో నెర్రెను గీతగా కాక కొద్ది వెడల్పున్న మసక పట్టీగా చూస్తారు. ఫ్రాంక్‌ఫోర్ట్, మారిగో అనే ఇద్దరు పరిశోధకులు 1998లో గ్రిఫిత్ ఆలోచనను శక్తిని కనిష్ఠం చేసే సమస్యగా రాశారు. 2000లో బూర్డాన్ అనే మరో పరిశోధకుడితో కలిసి దాన్ని కంప్యూటర్‌పై లెక్కించే దారి చూపారు. స్ప్రింగుల వల చేయి తిరిగాక అటు వెళ్లండి, ముందే వెళ్తే అందులో ఏ అంకె ఎందుకుందో తెలియక టెన్షన్ పడతారు.

దీన్ని ఎక్కడ వాడకూడదు

నల్లరేగడి పొలాల్లో ఎండాకాలం వచ్చే లోతైన నెర్రెలకు ఈ ప్రోగ్రాం నేరుగా పనికిరాదు. మనం అనుకున్నది గట్టి అడుగు మీద పలచని పొర, పైనుంచి కిందిదాకా ఒకేలా ఆరుతుందని. రేగడిలో అడుగంటూ లేదు. పైన ఎండి, కింద తడిగా ఉండి, ఆ తడి హద్దు రోజురోజుకూ దిగుతూ ఉంటుంది. నెర్రె కూడా దాని వెంట దిగుతుంది. దానికి నిలువుకోతలో ఇంకో వల కట్టి, సంకోచాన్ని లోతును బట్టి మార్చాలి. అదే స్ప్రింగులు, అదే ఒక్కొక్కటిగా తెంచే పద్ధతి, కానీ అడుగు స్ప్రింగులు తీసేయాలి. అప్పుడు విడిపోయిన ముక్కలకు పట్టు ఏదీ ఉండదు, మాత్రిక చెడిపోతుంది. అట్టడుగు వరుసను కదలకుండా బిగించి, ఊడిపోయిన ముక్కలను లెక్కలోంచి తీసేసే ఏర్పాటు చేసుకోవాలి.

పింగాణీ గ్లేజు, ఎండిన రంగు పూత లాంటివాటికి మాత్రం పైన చెప్పిందే వాడవచ్చు. పింగాణీ కప్పు మీది సన్నటి గీతలు కూడా అంటుకున్న పొర, ముడుచుకునే పొర కథే. అక్కడ ఆరడం బదులు చల్లారడం.

ఇప్పుడు మొదట్లో తీసిన ఆ నాలుగు పళ్ళేల ఫోటోలు ముందు పెట్టుకోండి. ఒక్కో పళ్ళెం వైశాల్యాన్ని ముక్కల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, పొర మందంతో భాగించండి. నూనె రాయని మూడు పళ్ళేలకూ దాదాపు ఒకే అంకె వస్తోందా చూడండి. మూడింటి సగటు తీసుకుని, మీ ప్రోగ్రాంలో ముక్క వెడల్పును పట్టు దూరంతో భాగించినప్పుడు ఆ అంకె ఏ సంకోచం దగ్గర వస్తుందో వెతకండి. తర్వాత నాలుగో పళ్ళేనికి అడుగు స్ప్రింగును ఎంత మెత్తబరిస్తే లెక్క కుదురుతుందో చూడండి. నూనె అడుగు పట్టును ఎన్నో వంతుకు తగ్గించిందో మీకు అక్కడే తెలుస్తుంది.